సీరియల్లో వచ్చే మలుపు విధి చేసినట్టు ఉండాలంటే ఏం కావాలి?

కృష్ణానగర్ కలం
గురువారం రాత్రి 10.40

అందరికీ నమస్కారం. నేను ఒక డైలీ సీరియల్‌కి అసిస్టెంట్ రైటర్‌గా పనిచేస్తున్నాను. సీరియల్ పేరు, చానల్ పేరు చెప్పలేను, దయచేసి అడగకండి. ఈ రోజు రేటింగ్స్ వచ్చాయి. మాది వరసగా రెండో వారం తగ్గింది. సాయంత్రం మీటింగ్‌లో ఒక పెద్ద మలుపు కావాలన్నారు. "కోడలికి యాక్సిడెంట్ పెట్టేద్దాం, గతం మర్చిపోతుంది, ఆరు నెలలు ట్రాక్ నడుస్తుంది" అన్నారు. నాకు మనసొప్పడం లేదు.

ట్రాక్ ఇదీ. దిల్‌సుఖ్‌నగర్‌లో మధ్యతరగతి ఇల్లు. అత్తగారు, కొడుకు, కోడలు. కోడలికి పుట్టింటి వాళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కొంత స్థలం ఇచ్చారు. నలభై ఎపిసోడ్ల క్రితం కోడలి పేరు మీద ఒక రిజిస్టర్డ్ కవరు వచ్చింది. ఆమె ఇంట్లో లేదు. అత్తగారు సంతకం పెట్టి తీసుకుంది. పుట్టింటి వాళ్లే ఏదో రాసుంటారు, ఇది చూస్తే పిల్ల మళ్లీ అటు పరిగెడుతుంది అనుకుని, విప్పకుండానే బియ్యం డబ్బాలో అడుక్కి తోసేసింది. అది కోర్టు సమన్లు. కోడలి పెదనాన్న కొడుకు ఆ స్థలం తనదని దావా వేశాడు. ఈలోపు కొడుకు హార్డ్‌వేర్ షాపు కోసం బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. కోడలి స్థలాన్నీ, అత్తగారి పేరు మీదున్న ఇంటినీ కలిపి తాకట్టు పెట్టాడు.

ఇంతవరకూ టెలికాస్ట్ అయిపోయింది. నేననేది, యాక్సిడెంట్ వద్దు, ఆ కవరే మలుపు కావాలి అని. ఆవిడ దాచిన కాగితం వల్లే ఆవిడ ఇల్లు పోయే పరిస్థితి రావాలి. మా మెయిన్ రైటర్ గారు "ఆలోచన బాగుంది, జనానికి అంత ఓపిక ఉంటుందా?" అంటున్నారు. సోమవారం లోపు సీన్ ఆర్డర్ ఇవ్వాలి. రోజూ చూసేవాళ్లుగా మీరు చెప్పండి. ఏ మలుపుని విధి అని నమ్ముతారు? ఏది రచయిత తెచ్చి పెట్టినట్టు అనిపిస్తుంది?

వారాసిగూడ అమ్మాయి
గురువారం రాత్రి 11.05

యాక్సిడెంట్ వద్దన్నా, దండం పెడతాను.

మా నానమ్మ చదువుకోలేదు. టీవీ ముందు కూర్చుంటే పాత్రలతో మాట్లాడుతుంది. తలుపు వెనక ఎవరైనా నిలబడి వింటుంటే "మెల్లగ చెప్పవే, అది వింటున్నది" అని నిజంగా కంగారు పడుతుంది. అదే యాక్సిడెంట్ సీన్ వస్తే లేచి పొయ్యి మీద పాలు చూడ్డానికి పోతుంది. ఎందుకు నానమ్మా అని ఒకసారి అడిగాను. "లారీ ఎట్లయినా వస్తది, నేను జెప్తే ఆగుతదా?" అంది. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని మాత్రం తను ఆపగలనని ఆమె నమ్మకం.

కార్తీక దీపం 2017లో మొదలైనప్పుడు మా ఇంట్లో నాలుగు తరాలు కూర్చుని చూశాం. ఎందుకు చూశామో ఇప్పుడు ఆలోచిస్తే ఒక్కటే కనిపిస్తోంది. హిమ అనే పాపని డాక్టర్ బాబు కార్తీక్ ప్రాణంగా పెంచుతున్నాడు. ఆ పాప ఆయన సొంత కూతురే అని ఆయన తల్లి సౌందర్యకి తెలుసు, మాకు తెలుసు, ఆయనకి తెలియదు. ఆ పాపని కన్న తల్లినేమో అనుమానించి దూరం పెట్టాడు. హిమ బుగ్గ మీద ముద్దు పెట్టిన ప్రతిసారీ మా నానమ్మ కళ్లు తుడుచుకునేది. మామూలు సంతోషం సీన్ అది. ఏడుపొచ్చేది ఆయనకి తెలియని దాని గురించి.

మీ బియ్యం డబ్బా అలాంటిదే. రోజూ అందులోంచి బియ్యం తీస్తున్న కోడలిని చూపిస్తే చాలు.

ల్యాబ్ కోటు
శుక్రవారం ఉదయం 6.50

నైట్ డ్యూటీ దిగి బస్సులో చదివాను. వారాసిగూడ అక్క చెప్పిన సీరియలే నేనూ చూశాను, నా బాధ వేరు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ కథకి పునాది ఒక తప్పుడు రిపోర్టు. స్నేహితురాలు మోనిత చేసిన మోసం వల్ల తనకి పిల్లలు పుట్టరని కార్తీక్ నమ్ముతాడు. ఆ మొదటి దెబ్బ బాగానే ఉంది. నమ్మిన మనిషి మోసం చేస్తే ఎవరైనా పడతారు. కానీ మగవాళ్లకి ఆ పరీక్షలో తేడా వస్తే ఒక్క రిపోర్టుతో ఎవరూ తేల్చరు, కొన్ని వారాల తర్వాత మళ్లీ శాంపిల్ తీసుకుంటారు. కార్తీక్ స్వయంగా డాక్టర్. డీఎన్ఏ పరీక్ష ఎందుకు చేయించుకోడు అని అప్పట్లో ఊరంతా అడిగింది. మా ల్యాబ్‌కి వచ్చే పేషెంట్లు కూడా నన్నే అడిగేవాళ్లు, నేనేదో ఆయన దగ్గర పనిచేస్తున్నట్టు.

పదిహేను వందల ఎపిసోడ్లకు పైగా నడిచిన కథ అది. నాకు తెలిసి జనం కోపం అక్కడే మొదలైంది. మొదటి ఏడాది "అయ్యో, తెలియదు పాపం" అనుకున్నవాళ్లే, తర్వాత "తెలుసుకోవాలని లేదు" అనడం మొదలుపెట్టారు. తెలుసుకునే దారి పక్కనే ఉండి పాత్ర అటు చూడకపోతే అది విధి ఎలా అవుతుంది? కలం గారూ, మీ అత్తగారి విషయంలో ఇది చూసుకోండి. కోడలు ఆ కవరు సంగతి తెలుసుకునే మామూలు దారులు ఏమున్నాయో ముందే మూసుకోండి. ఆమె సొంత అన్నయ్య ఒక్క ఫోన్ చేస్తే బయటపడిపోదా?

నల్లకుంట మాస్టారు
శుక్రవారం ఉదయం 9.15

కలం బాబూ, నేను ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాడిని. సీరియళ్లు మా ఆవిడతో పాటు చూస్తాను, తక్కువగా చూడను. నీ ప్రశ్న చాలా పాతది, మన పురాణాల్లో దానికి జవాబులు దొరుకుతాయి.

ఆదిపర్వంలో పరీక్షిత్తు కథ తీసుకో. వేటలో దప్పికతో వచ్చి, మౌనంలో ఉన్న శమీక మహర్షి పలకలేదని చచ్చిన పాముని ఆయన మెడలో వేశాడు. ఆయన కొడుకు శృంగి శపించాడు, ఏడు రోజుల్లో తక్షకుడి విషంతో చస్తావని. రాజు ఒంటి స్తంభం మేడ కట్టించుకున్నాడు. చుట్టూ వైద్యులు, మంత్రవేత్తలు. విషం దింపగల కశ్యపుడు బయల్దేరి వస్తుంటే తక్షకుడు దారిలోనే ధనమిచ్చి వెనక్కి పంపేశాడు. ఏడో రోజు పొద్దు వాలుతుండగా, ఆశీర్వాదంగా వచ్చిన పండులో చిన్న పురుగై లోపలికి వచ్చాడు. ఇందులో యాదృచ్ఛికం ఎంత ఉందో చూడు. దాదాపు లేదు. ఆయన ఒకరి మెడలో వేసిన పామే తిరిగి వచ్చింది. మేడ ఎంత ఎత్తు కడితే మన గుండె అంత బరువెక్కుతుంది, ఎందుకంటే పాము ఎలా వస్తుందా అని మనం ఎదురు చూస్తూ ఉంటాం.

ఇంకొకటి నాకు మరీ ఇష్టం. దశరథుడు చీకట్లో శబ్దాన్ని బట్టి బాణం వేసి ముని కుమారుణ్ణి చంపాడు. గుడ్డి తండ్రి శపించాడు, నువ్వూ నాలాగే పుత్రశోకంతో పోతావని. కాళిదాసు రఘువంశంలో ఈ ఘట్టం దగ్గర ఆగుతాడు. అప్పటికి దశరథుడికి పిల్లలు లేరు. కాబట్టి ఆ శాపంలోనే వరం ఉంది: పుత్రశోకం కలగాలంటే ముందు పుత్రుడు పుట్టాలి కదా! రాజు ఆ మాట పైకే అంటాడు, ఈ శాపం నాకు అనుగ్రహమే అని. రాముడు పుట్టినప్పుడు సంబరం చేసుకున్న ప్రతి ఇంటికీ ఆ శాపం నీడ పడింది. నేను ఈ శ్లోకం చెప్పిన ప్రతిసారీ తరగతి నిశ్శబ్దమైపోయేది.

అత్తగారి కవరు కూడా అలా ఉండాలి బాబూ. మంచి జరుగుతున్నప్పుడే దాని నీడ కనపడాలి. షాపు ప్రారంభోత్సవం రోజు ఆ బియ్యంతోనే పరమాన్నం వండించు.

మియాపూర్ మెట్రో
శుక్రవారం మధ్యాహ్నం 1.20

మాస్టారూ, మీ పోస్టు మా టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను, ఏమీ అనుకోకండి.

నేను తెలుగు సీరియళ్లు పెద్దగా చూడలేదు. ఈ విషయంలో నన్ను కదిలించింది ఒక అమెరికన్ సీరియల్, బ్రేకింగ్ బ్యాడ్. 2009లో వచ్చిన దాని రెండో సీజన్. చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి, కథ చెప్పేస్తున్నాను.

వాల్టర్ అనే కెమిస్ట్రీ మాస్టారు మత్తుమందు తయారుచేస్తుంటాడు. జెస్సీ అతని శిష్యుడు. ఒక రాత్రి వాల్టర్ బార్‌లో కూర్చుంటాడు. పక్క స్టూల్ మీద ఒక పెద్దాయన. ఇద్దరూ పిల్లల గురించి మాట్లాడుకుంటారు. ఇంట్లో వాళ్లని వదులుకోకూడదని ఆ పెద్దాయన అంటాడు. ఆ మాట మనసుకి తగిలి వాల్టర్ జెస్సీ ఇంటికి తిరిగి వెళ్తాడు. అక్కడ జెస్సీ, అతని స్నేహితురాలు జేన్ మత్తులో పడి ఉంటారు. జెస్సీని కుదిపి లేపబోతుంటే పక్కనున్న జేన్ వెల్లకిలా తిరిగిపోతుంది, వాంతి గొంతుకి అడ్డం పడుతుంది. వాల్టర్ ఒక్క అడుగు వేస్తే ఆమె బతుకుతుంది. వెయ్యడు. నిలబడి చూస్తాడు.

బార్‌లో ఆ మాట చెప్పిన పెద్దాయన జేన్ తండ్రి. ఆ సంగతి వాళ్లిద్దరికీ తెలియదు, మనకి తెలుసు. ఆయన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. కూతురు పోయిన దుఃఖం తీరకుండానే డ్యూటీకి వస్తాడు, పొరపాటు జరిగి రెండు విమానాలు గాల్లో గుద్దుకుంటాయి. ఆ శకలాల్లోంచి ఒక గులాబీ రంగు బొమ్మ ఎలుగుబంటి వచ్చి వాల్టర్ ఇంటి ఈత కొలనులోనే పడుతుంది.

మా రూమ్మేట్‌తో ఈ సీన్ మీద నాకు పెద్ద గొడవైంది. "అన్ని ఇళ్లుండగా అతని కొలనులోనే పడాలా?" అన్నాడు. నా మాట ఏంటంటే, విమానం సంగతి కాస్త అతిగా అనిపించినా బార్ సీన్ ముందు నేను ఓడిపోయాను. ఒక తండ్రి మంచి మనసుతో చెప్పిన సలహానే ఆ మనిషిని తన కూతురి గది దాకా నడిపించింది. ఆ మాట చెప్పకపోతే వాల్టర్ ఇంటికెళ్లి పడుకునేవాడు.

ఇంకో సంగతి. ఆ సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే కొలనులో తేలుతున్న ఆ బొమ్మని చూపించారు. ఆ సీజన్‌లో నాలుగు ఎపిసోడ్ల పేర్లు వరసగా కలిపి చదివితే విమానం కూలిందనే వాక్యం వస్తుంది. అంటే చివర ఏం జరగబోతోందో తెలిసే మొదలుపెట్టారు. మన దగ్గర అలా ఎందుకు రాయరు?

ఎడిట్ సూట్
శుక్రవారం సాయంత్రం 4.30

మెట్రో అన్నా, నీ ప్రశ్నకి జవాబు లెక్కలో ఉంది. నువ్వు చెప్పిన సీజన్ మొత్తం పదమూడు ఎపిసోడ్లు. మాకు సోమవారం నుంచి శనివారం దాకా వారానికి ఆరు, అంటే ఏడాదికి మూడొందలు దాటుతాయి. నేను యూసుఫ్‌గూడలో పదకొండేళ్లుగా సీరియళ్లు ఎడిట్ చేస్తున్నాను. ఒక్కోసారి పొద్దున షూట్ చేసిన సీన్ రాత్రికి నా దగ్గరికొచ్చి, మర్నాడు గాల్లోకి వెళ్తుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు చాలా సీరియళ్లకి చేతిలో ఎపిసోడ్లు ఎన్నున్నాయో జనానికే తెలిసిపోయింది. మార్చిలో షూటింగులు ఆగితే పాత ఎపిసోడ్లు మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. జూన్‌లో అనుమతి వచ్చేదాకా అంతే. చివర తెలిసి మొదలుపెట్టే వీలు మాకు లేదు, కథ ఎప్పుడు ఆగుతుందో రేటింగ్ చెప్పాలి.

అయినా నేను ఒప్పుకునే తప్పులు కొన్ని ఉన్నాయి. మలుపుని మేమే చంపుతాం. రేపు ఏం జరుగుతుందో ప్రోమోలో ముందే చూపించేస్తాం. ఎపిసోడ్‌లో ఆ క్షణం వచ్చాక ఒక్కో మొహం మీదకి మూడేసి సార్లు జూమ్, వెనక ఉరుము. నిజం తెలిసిన క్షణంలో మనిషి మొహం మీద ఏమీ ఉండదు. నేను మా నాన్నగారి బయాప్సీ రిపోర్టు చదివినప్పుడు పక్క కుర్చీలో ఎవరో ఆవిడ పల్లీలు తింటూనే ఉంది. ఆ పల్లీల చప్పుడు నాకింకా గుర్తుంది.

కలం, నీ కవరు బయటపడే సీన్ నా లాంటి ఎవడి దగ్గరికైనా వెళ్తే ముందే చెప్పు, మ్యూజిక్ వెయ్యొద్దని. సీన్ పేపర్ మీదే రాయి.

నల్లకుంట మాస్టారు
శుక్రవారం సాయంత్రం 5.10

ఎడిట్ సూట్ నాయనా, ఆ పల్లీల సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం.

ఒక చిన్న మాట. ఇలాంటి మలుపుని ఇంగ్లీషులో ఐరనీ అంటారు, ఆ మాటకి చాలామంది వ్యంగ్యం అని రాస్తారు. వ్యంగ్యం ఎత్తిపొడుపు దగ్గర సరిపోతుంది కానీ ఇక్కడ కాదు. మనం మాట్లాడుకుంటున్నదానికి విధి వైచిత్రి అన్నదే దగ్గర. పల్లెల్లో ఇంకా సూటిగా చెప్తారు, "తానొకటి తలిస్తే దైవమొకటి తలిచింది" అని. ఆ సామెతలో మొదటి సగం ముఖ్యం. ముందు మనిషి ఏదో ఒకటి తలవాలి. ఏమీ తలవని కోడలి మీదకి లారీ వస్తే దైవానికి అక్కడ పనేమీ లేదు.

పురానీహవేలీ ప్లీడరు
శుక్రవారం రాత్రి 9.00

తమ్ముడూ కలం, నీ కథలో కోర్టు ఉంది కాబట్టి నేను కల్పించుకుంటున్నాను. సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు. చట్టం సరిగ్గా పెట్టుకుంటే నీ మలుపు నువ్వు అనుకున్నదానికంటే బలంగా వస్తుంది.

సమన్లు అందాక ప్రతివాది 30 రోజుల్లో రాతపూర్వక జవాబు దాఖలు చేయాలి. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వొచ్చు. మనిషే రాకపోతే ఎక్స్‌పార్టీ చేసి, అంటే ప్రతివాది లేకుండానే, వాది సాక్ష్యం చూసి డిక్రీ, అంటే తీర్పు ఉత్తర్వు, ఇచ్చేస్తారు. ఇదంతా ఏడు వారాల్లో అవదు, కథలో ఏడాది గడిచినట్టు చూపించు. ఇబ్రహీంపట్నం వైపు స్థలం కాబట్టి రంగారెడ్డి జిల్లా కోర్టు అను. ల్యాబ్ కోటు అడిగిన సందేహం న్యాయమైనదే. దావా కోడలి ఒక్కదాని మీదే వేయించు, అన్నయ్యకి సమన్లు రావు కాబట్టి అతను ఫోన్ చేయడానికి ఏమీ ఉండదు.

తర్వాత షాపు దెబ్బతింటుంది, వాయిదాలు ఆగుతాయి. 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద రాసుకుంటుంది, తాకట్టు ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇస్తుంది. స్థలం అమ్మి కట్టేద్దామని కొడుకు వెళ్తే, అది మీది కాదని డిక్రీ బయటపడుతుంది. ఇక మిగిలింది అత్తగారి ఇల్లే.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టేయమని అడగొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9 రూల్ 13. సమన్లు సరిగా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో కోర్టుని ఒప్పించాలి. ఆలస్యానికి మరో పిటిషన్ వేయాలి. కానీ రికార్డులో అందినట్టే ఉంది. కింద సంతకం ఉంది. ఇంట్లో ఉండే పెద్ద మనిషి తీసుకుంటే, కొన్ని షరతుల మీద, అందినట్టే లెక్కేస్తారు. కోడలికి ఆ విషయం నిజంగా తెలియదని ఎవరు చెప్పగలరు? లోకంలో ఒక్క మనిషే ఉంది.

ఆ ఇల్లు నిలవాలంటే అత్తగారే అఫిడవిట్ మీద ప్రమాణం చేసి రాయాలి: ఆ కవరు నేను తీసుకున్నాను, దాచాను, నా కోడలికి చెప్పలేదు, అని.

కృష్ణానగర్ కలం
శుక్రవారం రాత్రి 9.25

ప్లీడర్ గారూ, నాకు చేతులు వణుకుతున్నాయి. టీ కొట్టు దగ్గర నిలబడి చదివాను, మళ్లీ చదివాను. నేను కాగితం వల్ల ఇల్లు పోవడం దాకానే ఆలోచించాను. ఇల్లు నిలవడానికి దారి కూడా ఆ కాగితంలోంచే ఉంటుందని నాకు తట్టలేదు.

వారాసిగూడ అమ్మాయి
శుక్రవారం రాత్రి 9.50

ఒక్క మాట అన్నా. అఫిడవిట్ సీన్‌లో కోడలు ఉండాలి. ప్లీడరు గట్టిగా చదివి వినిపిస్తుంటే అత్తగారు తల దించుకుని సంతకం చెయ్యాలి. అంతకుముందు ఎవరూ కోడలికి చెప్పకూడదు. ఇంకోటి, అత్తగారిని రాక్షసిగా చెయ్యకండి. కోడలు పుట్టింటికి వెళ్లిపోతుందేమో అన్న భయంతో దాచింది ఆవిడ. ఆ భయం నాకు తెలుసు, మా నానమ్మకీ ఉండేదట.

మియాపూర్ మెట్రో
శుక్రవారం రాత్రి 10.15

అవును, బార్‌లో పెద్దాయన లాగే. కోడలు వెళ్లిపోకూడదని చేసిన పని కోడలిని పోగొట్టుకునే దాకా తెస్తోంది.

నల్లకుంట మాస్టారు
శనివారం ఉదయం 7.30

సత్య హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను గుర్తు చేసుకోండి. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళా తోరణం దగ్గర సురభి వాళ్ల నాటకాలు చూసేవాళ్లం, ఆ రోజులు గుర్తొచ్చాయి. కొడుకు శవంతో వచ్చిన చంద్రమతిని కాటికాపరి సుంకం అడుగుతాడు. లేదంటుంది. మెడలో మంగళసూత్రం ఉంది కదా, అమ్మి కట్టు అంటాడు. ఆ తాళి భర్తకి తప్ప ఎవరికీ కనపడదు. ఆ ఒక్క మాటతో ఆమెకి తెలిసిపోతుంది ఎదురుగా ఉన్నది ఎవరో. అతను సుంకం కోసం నిక్కచ్చిగా అడిగాడు కాబట్టే బయటపడ్డాడు. జాలిపడి వదిలేసి ఉంటే ఆమెకి తెలిసేదే కాదు.

అఫిడవిట్ సీన్ రాసేటప్పుడు దీన్ని మనసులో పెట్టుకో బాబూ.

కూకట్‌పల్లి అత్తమ్మ
శనివారం మధ్యాహ్నం 3.40

నేను ఇక్కడ చదువుతాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మా మనవడు టైపింగ్ నేర్పాడు, తప్పులుంటే మన్నించండి.

2009 వేసవి. మొగలిరేకులు వస్తున్న రోజులు, నేను ఒక్క రోజు కూడా వదిలేదాన్ని కాదు. కోడలు ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. ల్యాండ్‌లైన్‌కి వియ్యంకుడు గారు ఫోన్ చేశారు. ఆయనది జనగామ దగ్గర పల్లె. రెండు నిమిషాలు మాట్లాడారు. అమ్మాయి వచ్చాక ఒకసారి ఫోన్ చెయ్యమనండి వదినగారూ అన్నారు. నేను సరేనన్నాను. కోడలు వచ్చేసరికి సీరియల్ మొదలైంది. అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. అయ్యాక వంట, చుట్టాలు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఈ అమ్మాయి ఫోన్ పట్టుకుంటే గంట మాట్లాడుతుంది, రేపు చెబుదాం అని కూడా నా మనసులో ఉంది. ఆ రాత్రే ఆయనకి గుండెపోటు వచ్చింది. తెల్లారేసరికి లేరు.

నేను చెప్పలేదు. అప్పుడు ఎలా చెప్పను? పదో రోజు చెబుదామనుకున్నాను, ఏడాది మాసికం అప్పుడు చెబుదామనుకున్నాను. ఆ అమ్మాయి "నాన్నతో చివరిసారి మాట్లాడలేకపోయాను అత్తయ్యా" అని నా భుజం మీదే ఏడ్చింది. నా కోడలు నన్ను కన్నతల్లి కంటే బాగా చూసుకుంటుంది. ఆమె మంచిగా ఉన్న ప్రతిసారీ నాకు లోపల ఏదో గుచ్చుకుంటుంది.

బాబూ, మీ సీరియల్లో ఆ అత్తగారు సంతకం చేసే ముందు ఎన్ని రోజులు నిద్రపోలేదో చూపించండి. అంతే నేను అడిగేది.

ల్యాబ్ కోటు
శనివారం సాయంత్రం 6.05

అమ్మా, ఆ రాత్రి మీరు ఫోన్ సంగతి చెప్పి ఉన్నా ఆ గుండెపోటు ఆగేది కాదు. మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకరు చెప్పాలనిపించింది.

వారాసిగూడ అమ్మాయి
శనివారం సాయంత్రం 6.20

అత్తమ్మా, నేనూ ఒకరి కోడలినే. నాకైతే తెలుసుకోవాలని ఉంటుంది. ఎన్నేళ్ల తర్వాతైనా సరే.

కృష్ణానగర్ కలం
తర్వాతి గురువారం రాత్రి 11.30

ఆలస్యానికి క్షమించండి. సోమవారం మీటింగ్‌లో ప్లీడరు గారు చెప్పిన లైన్ అంతా చెప్పాను. చానల్ వాళ్లు యాక్సిడెంట్ పూర్తిగా వదల్లేదు, కొడుక్కి బైక్ మీద చిన్న దెబ్బ తగలాలన్నారు. షాపు మూతపడటానికి దాన్ని వాడుకుంటున్నాం. గతం మర్చిపోవడం మాత్రం తీసేశారు. మా మెయిన్ రైటర్ గారు అఫిడవిట్ మాట వినగానే కుర్చీలో ముందుకి జరిగారు.

మాస్టారూ, పరమాన్నం సీన్ నిన్న తీశాం, మణికొండలో మేం అద్దెకి తీసుకునే ఇంట్లో. బియ్యం కొలుస్తుంటే కోడలి వేళ్లకి కవరు అంచు తగులుతుంది, సరిగ్గా అప్పుడే అత్తగారు పిలుస్తుంది. ఎడిట్ సూట్ అన్నా, మ్యూజిక్ వద్దని పేపర్ మీదే రాశాను. డైరెక్టర్ గారు ఒప్పుకున్నారు, చానల్ చూశాక ఏమంటారో తెలియదు. అఫిడవిట్ సీన్ ఇంకా రాస్తున్నాను, ఇప్పటికి ఆరుసార్లు చింపేశాను. అత్తమ్మ గారు అడిగిన నిద్రలేని రాత్రులు మూడు సీన్లుగా పెట్టాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లి, డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా వచ్చేస్తుంది.

కూకట్‌పల్లి అత్తమ్మ
శుక్రవారం ఉదయం 10.10

బాబూ, మీ సీను వచ్చేదాకా నేను ఆగలేకపోయాను. మొన్న రాత్రి అందరూ పడుకున్నాక కోడలికి చెప్పేశాను.

కోప్పడుతుంది అనుకున్నాను. లేచి వెళ్లిపోతుంది అనుకున్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు నాన్న మీతో ఏం మాట్లాడారు అత్తయ్యా?" అని అడిగింది. వాళ్ల అమ్మగారు ఆ సాయంత్రం గుడికి వెళ్లారట, ఆయన చివరిగా సరిగా మాట్లాడింది నాతోనే అని నాకు అప్పుడు తెలిసింది.

చెప్పాను. "ఈసారి చెట్టు బాగా కాసింది వదినగారూ, మంగళవారం బస్సులో ఆవకాయకి కాయలు పంపుతాను, అమ్మాయికి ముక్కలు చిన్నగా కొడితే ఇష్టం" అన్నారు. గొంతులో కాస్త జలుబు ఉంది. నవ్వారు కూడా.

ఆయన నవ్వు ఎలా ఉందో మళ్లీ చెప్పమంది. తెల్లారేదాకా నాలుగుసార్లు చెప్పించుకుంది.